మూడో పిలుపు

పరగోడు వెంకటరాయప్ప రాజు వేషం కడితే బాగేపల్లి జనం ఇళ్ళకు పోవడం మరిచిపోయేవారు. అతను పద్యం ఎత్తుకుంటే నా హార్మోనియం వెనక పరుగెత్తాల్సిందే. ఆ ముక్క ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

మా నాటకాల కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. ఆటలో చచ్చిన వేషగాణ్ణి, తెర పడ్డాక, సొంత పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. అతను ‘ఓ’ అనేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ పిలిచే పని నాది. ఒక్కోసారి మూడో పిలుపుదాకా వెంకటరాయప్ప పలికేవాడు కాదు. 

యాభై ఆరులో మద్రాసు సినిమావాళ్ళు అతన్ని రమ్మన్నారు. అక్కడా రాజు వేషమే, అక్కడా చావే.

“నువ్వూ రా చిన్నప్పా. పిలిచేదానికి ఒకరుండల్ల కదా,” అన్నాడు.

వాళ్ళు నన్ను అడగలేదని నాకు కడుపుమంట. “సినిమావోళ్ళకు గొంతుల్లేవా ఏమప్పా? వాళ్ళనే పిలవమను,” అన్నాను.

నెల రోజులకు అతని కార్డు వచ్చింది. ‘చచ్చే సీను అయిపాయ. లైట్లు ఆర్పి అందరూ భోజనానికి పోయినారు. నన్ను ఎవురూ పిలవలే.’

తరవాత మనిషీ వచ్చాడు. తిన్నాడు, చేనికి పోయాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. భార్య మునిలక్ష్మమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చింది.

“మా ఇంటాయప్ప మాదిరే ఉండాడు గానీ, ఆయప్ప కాదన్నా. నేను మొగుని పేరు చెప్పకూడదు. నువ్వైనా పిలువన్నా.”

వారం రోజులు పిలిచాను. లాభం లేకపోయింది. నా అసూయే వాణ్ణి మింగిందని కుమిలిపోయాను. చచ్చినచోట కదా పిలవాల్సింది అని అప్పుడు తట్టింది.

ఆ సినిమా చింతామణి ఊళ్ళో డేరా టాకీసుకు వచ్చింది. ముగ్గురం మొదటి ఆటకు వెళ్ళాం. తెరమీద రాజు నేలకొరిగాడు. నేను లేచి నిలబడి, “వెంకటరాయప్పా!” అని అరిచాను. కూర్చోమని జనం తిట్టారు. రెండోసారీ పిలిచాను. మూడోసారికి తెరమీది శవం కళ్ళు తెరిచి, నావైపు చూసి, “ఓ” అంది.

గొంతు వాడిదే. సంతోషం పట్టలేక పక్కకు తిరిగాను. బెంచీ మీద కూర్చున్నవాడు కళ్ళు మూసుకుని భార్య భుజం మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. మునిలక్ష్మమ్మ ఆ ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది.

తెరమీదినుంచే పలికాడు.