ఇద్రీసన్న వాళ్లమ్మ

కోలారులో ఒక కాలేజీ ల్యాబులో అటెండరుగా పనిచేసే పురుషోత్తమ్, ఒక సాయంత్రం స్కూటరు వెనక పొడుగాటి యువకుణ్ణి కూర్చోబెట్టుకుని బంగారు గనుల పక్కన కోరమండల్ అనే పేటలోని ఇంటికి వచ్చాడు. అతని పేరు ఇద్రీస్. సూడాన్ దేశం, ఖార్టూమ్ నగరం నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చినవాడు. అక్కడ యుద్ధం మొదలై, ఇంటి నుంచి డబ్బు అందక, అద్దె గది వదులుకోవలసి వచ్చింది.

“పరీక్షలు అయ్యేగంటా మనింట్లోనే ఉంటాడమ్మా,” అన్నాడు పురుషోత్తమ్.

తల్లి మారమ్మ అతణ్ణి తలెత్తి చూసింది. “ఉండనీప్పా. వాకిలికి తల తగలకుండా వంగి రమ్మని చెప్పు.”

పురుషోత్తమ్ కూతురు నేత్రకు అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయి, పొద్దుగూకాక వచ్చేది. బడి నుంచి వచ్చాక నేత్రకు ఇక ఇద్రీసన్నే లోకమైపోయాడు. అతని తెలుగు తప్పులు దిద్దేది. తన పేరు అరబ్బీలో, కుడి నుంచి ఎడమకు రాయడం నేర్చుకుంది.

రోజూ మధ్యాహ్నం దాటాక అతను వాళ్లమ్మ కోసం ఇంటి ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసేవాడు. స్పీకర్‌లో అది మోగి మోగి ఆగిపోయేది.

“యాడ మోగుతా ఉండాదన్నా?”

“అమ్మ మంచం పక్కన. కిటికీ దగ్గర.”

ఆ తర్వాత నేత్రకు ఆ గది కళ్ల ముందు కదిలేది. ఖాళీ మంచం, పక్కన మోగుతున్న ఫోను.

ఒకరోజు ఎవరో ఫోన్ ఎత్తారు. మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది. వెనక ఎక్కడో పావురాలు కువకువలాడాయి. ఇద్రీస్ లేచి నిలబడి “యుమ్మా! యుమ్మా!” అని అమ్మను పిలుస్తూ అరిచాడు. లైను తెగిపోయింది. మళ్లీ ఆ నంబరు మోగనే లేదు. అయినా అమ్మ బతికే ఉందని ఆరోజు ఇద్రీస్ వీధిలోని పిల్లలందరికీ మిఠాయి పంచాడు.

కొన్ని వారాలకు, ఖార్టూమ్ నుంచి ఈజిప్టుకు పారిపోయిన పొరుగింటాయన ఇద్రీస్‌కు ఫోన్ చేశాడు. యుద్ధం మొదలైన కొత్తలోనే ఇద్రీస్ వాళ్లమ్మ పోయిందట. శ్మశానానికి దారి లేక, ఇంటి పెరట్లోనే నిమ్మచెట్టు కింద పూడ్చారట.

నేత్ర అడిగింది. “అయితే ఆ దినం ఫోన్ ఎత్తింది ఎవురన్నా?”

“దొంగలేమో,” అన్నాడు ఇద్రీస్. ఆ మాట అతనూ నమ్మినట్టు లేదు.

మారమ్మ పొయ్యి దగ్గర నుంచి అడిగింది. “మీయమ్మకు ఏమిష్టం నాయనా?”

“టీ. పాలు ఎక్కువ.”

ఆమె టీ కాచి, ఒక గ్లాసు ఆ తల్లి కోసం గడప మీద పెట్టింది. “మా ఆయన్నీ గనిలోంచి పైకి తేలేకపోయినారు. బండ కూలింది, ఆడనే ఉండిపోయినాడు. ఆ గని పైనుండే ఈ నేల మీదే నలభై ఏండ్లు నడిచినాను. అడుగేసినప్పుడల్లా, నా చప్పుడు ఆయనకు ఇనపడతా ఉంటాదేమో అనిపిస్తాది.”

నేత్ర చాలా రోజులు ఇంట్లో మునివేళ్ల మీద నడిచింది.

పరీక్షలయ్యాక ఇద్రీస్ కైరోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోయాడు. యుద్ధం ఖార్టూమ్‌ను దాటిపోయాక, రెండేళ్లకు, తన ఇంటి పెరట్లోంచి వీడియో కాల్ చేశాడు. చుట్టాలు పారలతో నిలబడి ఉన్నారు. తల్లిని శ్మశానానికి మార్చబోతున్నారు.

“నేత్రా, ఫోన్ పెట్టెయ్యొద్దు. ఊరికే ఉండు,” అన్నాడు.

తవ్వడం మొదలుకాగానే అతను ఫోన్ కెమెరాను ఆకాశం వైపు తిప్పాడు. మబ్బు లేని నీలం. మట్టి మీద పార పడే చప్పుడు. నేత్ర పక్కనున్న అవ్వ మారమ్మ చేయి పట్టుకుని, ఆ చప్పుడు ఆగేదాకా కూర్చుంది.

“అయిపోయింది,” అన్నాడు ఇద్రీస్.

మారమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “పుణ్యాత్మురాలు. పైకొచ్చేసినాది.”