బ్యాటరీ బాగుందన్నాను

ఏళ్ల తరబడి ఒకే ఒక్క మాటను మోస్తున్నాను. చాలా చిన్న మాట. పక్కన ఎవరైనా ఉండి విన్నా పట్టించుకునేవారు కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నాను.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో స్వప్న, నేను, ఇద్దరాడవాళ్లం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నాది కాకినాడ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తనది నిజామాబాద్ పక్కన పల్లె, హాస్పిటల్ ల్యాబ్‌లో పని. భర్త నుంచి విడిపోయాక ఈ దేశం వచ్చింది. డ్యూటీ నుంచి వస్తే దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేది. అలాంటి మనిషిని ల్యాబ్‌లో తోటి అమ్మాయి ఒక ఆదివారం ఊరి బయట మట్టి ట్రాక్‌కి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. అక్కడ మట్టిదిబ్బల మీద దూకించే ఎలక్ట్రిక్ మోటోక్రాస్ బైకులు అద్దెకిస్తారు. చిన్నప్పుడు నాన్న బండి పొలం గట్ల మీద నడిపిందట స్వప్న. ఒక చుట్టు తిరిగి వచ్చి హెల్మెట్ తీసింది. ముఖమంతా బురద, పళ్ల మీద కూడా బురద. నవ్వుతోంది. తను అలా నవ్వగలదని నాకప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, ట్రాక్‌కే. కొన్నాళ్లకు సొంత బండి కావాలనుకుంది. కొత్తది కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కనబడింది. చూడ్డానికి వెళ్లాల్సిన రోజున షిఫ్టులు మారి తనకు డ్యూటీ పడింది.

"నువ్వు పోయి చూడు. నాకంటె నువ్వే పైలంగ చూస్తవ్" అంది.

అమ్మే ఆయన తలంతా నెరిసిన స్కాట్లాండ్ మనిషి. మోకాళ్లు అరిగిపోయి నడపడం మానేశాడు. షెడ్డులోంచి బండి బయటికి తెస్తూనే చెప్పాడు. "దాచిపెట్టి అమ్మడం నాకిష్టం లేదు. చలిలో, చార్జింగ్ సగానికి దిగాక, గట్టిగా రేజ్ ఇస్తే ఒక్కోసారి పవర్ ఆగిపోతోంది. బ్యాటరీలోనే ఏదో ఉంది. పరీక్ష చేయించేదాకా దీంతో జంపులు చేయకండి."

నేను తలూపాను. ఆయన ఇంటి పచ్చిక మీద ఒక చుట్టు తిరిగాను. బండి మెత్తగా, చప్పుడు లేకుండా పోయింది. ఏ లోపమూ కనబడలేదు. కొనేశాను.

వ్యాన్‌లో ఇంటికి తెచ్చేసరికి స్వప్న హాస్పిటల్ బట్టల్లోనే కింద నిలబడి ఉంది. సీటు మీద చెయ్యి వేసి అలా నిమిరింది.

"బ్యాటరీ మంచిగున్నదా?"

"బాగుంది."

ఇదే ఆ మాట.

ఎందుకలా అన్నాను? ఆ ముఖంలో వెలుగు ఆరిపోతుందనా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ నిజాయితీగా తవ్వి చూసుకుంటే, ఆ వెలుగు తెచ్చిపెట్టిన మనిషిని నేనే కావాలన్న ఆశ కనబడుతుంది. లోపమున్న బండి తెచ్చానని చెప్పి, తను తిరిగి గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ గదిలో నేనెవరిని? వచ్చే వారం చూపిద్దాం అనుకున్నాను. వారాలు గడిచాయి. బండి బాగానే నడిచింది. అలా నడుస్తున్నకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది.

గడ్డకట్టే చలి ఉన్న ఒక ఉదయం, అప్పటికే చాలా చుట్లు తిరిగాక, స్వప్న మట్టిదిబ్బ ఎక్కింది. నేను ట్రాక్ చుట్టూ కట్టిన తాడుకి ఇవతల నిలబడి చూస్తున్నాను. దిబ్బ అంచు దాటే క్షణంలో బండి ఊపు చచ్చిపోయింది. ముందు చక్రం కిందికి వంగింది. బండి ఒకవైపు పడింది, తను ఒకవైపు పడింది. తొడ ఎముక విరిగింది.

అంబులెన్స్ వచ్చేలోగా నా చెయ్యి పట్టుకుని అంది: "నేనే రేజ్ వదిలేసిన. భయపడ్డట్టున్న."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ చేతిని నా రెండు చేతులతో కప్పాను.

తర్వాత చేయగలిగిందంతా చేశాను. స్నానం చేయించాను, మెట్లు ఎక్కించాను, దించాను, వండి పెట్టాను. వాళ్లమ్మ ఫోన్‌లో ఏడుస్తూ, "నా బిడ్డను సొంత అక్కలెక్క చూసుకుంటున్నవ్ తల్లీ" అనేది. ఆమె దీవించిన ప్రతిసారీ ఫోన్ విసిరికొట్టాలనిపించేది. స్వప్న వార్డులో ఉండగానే బ్యాటరీని ఒక షాపులో చూపించాను. లోపల కొన్ని సెల్స్ పాడైపోయాయన్నారు. ఆ పెద్దాయన చెప్పిందే. బండిని వదిలించుకుని, దాని గురించి కూడా నోరు మూసుకున్నాను.

కాలు అతికింది. ఆ డాక్టర్లకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. స్వప్న మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇప్పుడు లండన్‌లో హారో అనే చోట ఉంటోంది, బడికెళ్లే కూతురుంది. కానీ మళ్లీ ఏ బండీ ముట్టుకోలేదు. కారు నేర్చుకోలేదు. వానలో తడుస్తూ బస్సుల కోసం నిలబడేది గానీ స్టీరింగ్ దగ్గర కూర్చోలేదు. ఎవరైనా అడిగితే నవ్వి, "భయమైతె నా చేతులు వదిలేస్తయ్" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకర్థమయ్యేది. నేను విరగ్గొట్టింది కాలొక్కటే కాదు.

పోయిన నెల ఫోన్ చేసి నన్ను పిలిచింది. పాపకు సైకిల్ కొన్నారట. "నువ్వచ్చి నేర్పు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు" అంది. ఆ మాటతో నాలో ఏదో తెగింది.

వెళ్లిన రోజు మధ్యాహ్నం, పాప బడిలో ఉండగా, వాళ్ల వంటింట్లో కూర్చుని అంతా చెప్పేశాను. పెద్దాయన హెచ్చరిక, నా అబద్ధం, షాపువాళ్లు చెప్పింది, అన్నీ. మధ్యలో ఎక్కడా అడ్డుపడకుండా విన్నది. స్టవ్ మీద టీ పొంగితే లేచి కట్టేసి వచ్చి కూర్చుంది.

"అంటె... నేను రేజ్ వదల్లేదా?"

"లేదు. నువ్వు వదల్లేదు."

రెండు అరచేతులూ బల్ల మీద పరిచి చూసుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇన్నేండ్లు ఎట్ల చూసుకుంట ఊకున్నవే?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నా వెంటే ఉంది.

"నువ్వు పో ఇగ. పాపొచ్చే టైమైంది" అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. నేను లేచి వచ్చేశాను. సైకిల్ నేర్పమని మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత ఫోన్ లేదు. నేనూ చేయలేదు. క్షమించమని అడిగే హక్కు నాకుందనుకోను. మొన్న ఒక్క మెసేజ్ వచ్చింది. నా పేరు లేదు, ఎలా ఉన్నావని లేదు. "డ్రైవింగ్ క్లాసులకు పేరిచ్చిన" అని మాత్రం ఉంది. అది నన్ను క్షమించడం కాదు. అది తన సంగతి, తన చేతుల సంగతి. ఏదేదో రాసి చెరిపేసి, చివరికి "సంతోషం" అని పంపాను. జవాబు రాలేదు.

అయినా కృతజ్ఞతతో ఉన్నాను. నేను చెప్పేనాటికి వినడానికి తను ఉంది. చివరిదాకా వింది. ఇప్పుడు మీరూ విన్నారు.