కట్టె బయట పెట్టనియ్యని మనిషి

లింగయ్య బాబాయి ఇక లేరన్న వార్తను సూర్యాపేట నుంచి సోమమ్మ పిన్ని ఫోనులో చెప్పినప్పుడు నా చేతిలో ఎవరిదో పెళ్లి జాకెట్టు ఉంది. రాత్రి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదట. అశనిపాతంలాంటి ఆ మాట విన్న క్షణాన నాకు కలిగిన మొదటి ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను, దాచడం ఆయనకు గిట్టదు కనుక. "వచ్చే మంగళవారమే కదా నా సదరం క్యాంపు! ఇప్పుడు నా వెంట ఎవరొస్తారు?" అనుకున్నాను. కన్నీళ్లు ఆ తర్వాతే వచ్చాయి.

చింతల లింగయ్య గారు తిరుమలగిరి దగ్గరి ఒక మెట్ట పల్లెలో గొర్ల కాపరుల ఇంట జన్మించారు. అక్షరజ్ఞానం సంతకం వరకే. నలభై దాటాక మేకలకు ఆకు కొడుతూ తుమ్మచెట్టు మీంచి పడితే తుంటి విరిగింది, విరిగిన ఎముక వంకరగా అతికింది. మంద అమ్ముకుని సూర్యాపేటలో కిరాయి గదికి చేరారు. ఆయన వికలాంగ పింఛను, పిన్ని కూరగాయల గంప, ఈ రెండింటి మీదే ఆ సంసారం నడిచింది. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే వైద్య శిబిరాన్ని మా వైపు అందరం సదరం క్యాంపు అంటాం. అది సూర్యాపేటలో జరిగినా, మిర్యాలగూడలో జరిగినా, దవాఖాన వరండాలో ఆ మనిషి ఉండాల్సిందే. జేబులో బస్సు రాయితీ పాసు, చేతిలో ఊతకట్టె. ఆయన్ని ఎవరూ నియమించలేదు, ఎవరూ జీతమివ్వలేదు. ఎవరైనా చాయ్ తాగిస్తే తాగేవారు, అందులో చక్కెర తక్కువైతే పోట్లాడేవారు.

మహనీయులకు జ్ఞానోదయమైన స్థలమంటూ ఒకటి ఉంటుందంటారు. మా బాబాయికి అది డాక్టరు గది గుమ్మం. మొదటిసారి పరీక్షకు పోయిననాడు గడ్డం గీయించుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్లారు. పెద్దమనుషుల ముందుకు కట్టె పట్టుకుని పోవడం వాళ్ల ఇంటా వంటా లేదు. ఎవరి గడప తొక్కినా చెప్పులనూ కట్టెనూ బయట విడిచిపెట్టడం వాళ్ల మర్యాద. అలాగే విడిచిపెట్టి, గోడ ఆసరాతో, పళ్లు బిగబట్టి లోపలికి నడిచారు. "ఎట్లున్నవ్ పెద్దాయనా?" అని డాక్టరు అడిగితే రెండు చేతులూ జోడించి, "మీ దయ సార్, మంచిగున్న" అన్నారు. మంచిగున్న మనిషికి ఎంత శాతం రావాలో అంతే వచ్చింది. పింఛనుకు కావలసిన నలభై రాలేదు. మళ్లీ అర్జీ పెట్టుకుని, మళ్లీ పరీక్షకు పోయి సాధించుకునేసరికి ఏడాది గడిచింది.

"డాక్టరు తప్పేమున్నది బిడ్డా? కట్టె నేనే బయట పెట్టిన. నొప్పి నేనే దాసిన. ఆయనకేమన్న కలొస్తదా?" అని ఆ కథ చెప్పి తానే పకపకా నవ్వేవారు. ఆ ఏడాది పిన్ని ఎన్ని పూటలు పస్తులుందో మాత్రం నవ్వుతూ చెప్పలేకపోయేవారు.

ఆరేళ్ల కిందట హైవే మీద లారీ తగిలి నా స్కూటీతో పాటు నా మోకాలూ నుజ్జయింది. కోదాడ నుంచి బస్సెక్కి మొదటిసారి సూర్యాపేట క్యాంపుకు వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, కట్టెను గోడకు ఆనించానో లేదో, వెనక నుంచి ఒక గొంతు గద్దించింది.

"ఓ పిల్లా! చెప్పులు బయట పెట్టు, కట్టె బయట పెట్టకు."

నాకు ఒళ్లు మండింది. "మీరెవరండీ చెప్పడానికి?" అన్నాను.

"నేనెవలైతే ఏంది? కట్టె లేకుంట ఇంట్ల నడుస్తవా?"

"నడవలేను."

"మరి గీడెందుకు నడుస్తవు?"

కట్టె తీసుకునే లోపలికి వెళ్లాను. ఐదేళ్ల గడువుతో సర్టిఫికెట్ వచ్చింది. నాటి నుంచి ఆయన నాకు బాబాయి. "బాబాయంటవేంది, ఆంధ్రోల్ల లెక్క? చిన్నాయనా అనరాదూ?" అని ఏడిపించేవారు. మా కోదాడ మాట అటూ ఇటూ కలగలిసే ఉంటుంది, దానికి నేనేం చేయను!

దాచడాన్ని ఎంత ఏవగించుకునేవారో, లేనిది కలపడాన్నీ అంతే. ఒకసారి మిర్యాలగూడలో హాలియా నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషి ఆటో దిగి కుంటుతూ వరండా దాకా నడిచి వచ్చాడు. అక్కడి నుంచి నేల మీద పాకడం మొదలుపెట్టాడు. అలా చేస్తే శాతం పెరుగుతుందని ఎవరో నూరిపోశారట. బాబాయి ఎదురెళ్లి అడ్డంగా నిలబడ్డారు. "లే పైకి. దేవుడిచ్చింది సాలదా, నువ్వింత కలుపుతున్నవ్? నీ ఒక్కని అబద్ధం దొరికితే నీ ఎనక నిలవడ్డోల్లందరిని అనుమానంగ సూస్తరు" అన్నారు. ఆ మనిషి లేచి మోకాళ్లు దులుపుకుని, ఎప్పటిలా కుంటుకుంటూ లోపలికి పోయాడు. ఉన్నదానికే సరిపడా శాతం వచ్చింది. ఆ రోజు బాబాయికి రెండు చాయ్‌లు దక్కాయి.

కాగితాల విషయంలో ఆయన మహా చండశాసనుడు. పని చేయించి పెడతానన్న ప్రతివాడి చేతిలో మనవాళ్లు అసలు సర్టిఫికెట్టే పెట్టేస్తారు. అది చూస్తే ఆయనకు పూనకం వచ్చేది. "జిరాక్సు ఇయ్యి! అసలుది నీ మనిషి లెక్క, ఎవనికి పడితే వానికి అప్పజెప్తవా?" అని వరండా అదిరేలా అరిచేవారు. ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు ఒక్కటేనా అని పక్కవాళ్లతో చదివించి మరీ చూసేవారు. ఇక ఎవరి సర్టిఫికెట్ గడువు ఎప్పుడు తీరుతుందో చెప్పడానికి ఆయనకు తేదీలతో పని లేదు. గొర్రెపిల్లను చూసి దాని తల్లి ఏదో చెప్పగలిగిన జ్ఞాపకశక్తి అది. "నీది పత్తి ఏరేటప్పుడు అయిపోతది", "నీది వరినాట్లప్పుడు" అని అందరికీ నెలల ముందే ఫోను చేసేవారు.

నా కుట్టుమిషను సంగతీ చెప్పాలి. పని చేసుకుంటున్నానని తెలిస్తే పింఛను తీసేస్తారని నా భయం. ఫైలు పట్టుకున్న మనిషి వీధిలో కనిపిస్తే చాలు, మిషను మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద బట్టల మూటలు పేర్చి, ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని. ఒకనాడు కోదాడ వచ్చిన బాబాయి ఆ దుప్పటి లాగి పారేశారు. "కుట్టుమిషనుంటే కాలొచ్చినట్టా? ఇదేమన్న సర్కారు నౌకరా? పని దాయకు, నొప్పి దాయకు" అన్నారు. ఆ సాయంత్రమే మిషనును వెలుతురు పడే కిటికీ దగ్గరికి జరిపాను. పింఛను ఎక్కడికీ పోలేదు. ఎన్ని ఏళ్ల భయం ఆ దుప్పటితో పాటు తొలగిపోయిందో చెప్పలేను.

అంత చెప్పించుకున్నదాన్ని, చివరికి నేనే తప్పు చేశాను. వరినాట్లకు ముందే స్లాటు పెట్టుకొమ్మని ఆయన రెండుసార్లు ఫోను చేశారు. పెళ్లిళ్ల సీజను, జాకెట్ల హడావుడి. రేపు, ఎల్లుండి అంటూ గడువు దాటబెట్టాను. రెండు నెలలు పింఛను ఆగిపోయింది. ఇంటి కిరాయి, అమ్మ బీపీ మందులు, రెండూ దాని మీదే. నా వెంటబడి మీసేవలో స్లాటు పెట్టించిందీ ఆయనే. పోయే ముందురోజు సాయంత్రం కూడా మాట్లాడారు.

"పేట బస్టాండుల దిగి ఆడనే ఉండు. నేనొస్త."

"ఒంట్లో బాగుందా బాబాయ్? గొంతు నీరసంగా ఉందేం?"

"మంచిగున్న."

వారం నుంచి ఛాతీలో నొప్పి అంటున్నారని పిన్ని తర్వాత చెప్పింది. జీవితమంతా ఎవరినీ అననివ్వని ఆ మాటను ఆయన నాతో అన్నారు. ఆ ఒక్కదానికీ ఆయన మీద నాకింకా కోపంగానే ఉంది.

నిన్న నా కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇక గడువు లేదు, శాశ్వతం అని రాసి ఉంది. గుండెల మీంచి బరువు దిగింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. కానీ నాకు అసలైన ఊరట ఆ మంగళవారమే, డాక్టరు గదిలోనే కలిగింది.

ఆ రోజు వరండాలో ఆయన కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అటు చూడకుండా గుమ్మం దగ్గరికి నడిచాను. వంగి చెప్పులు విప్పి, తలుపు రెక్క పట్టుకుని లోపలికి వెళ్లాను. "ఎలా ఉన్నారమ్మా?" అని డాక్టరు గారు ఆదరంగా అడిగారు. "బాగున్నానండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కకు తడుముకుంటే చేతికి ఏమీ తగల్లేదు. నా కట్టె బయట గోడకే ఉండిపోయింది. ఐదేళ్లు ఆయన దగ్గర నేను వెలగబెట్టిన చదువు అది!

ఇంతలో వెనక నుంచి ఒక ముసలమ్మ మెల్లగా వచ్చింది. ఒక చేత తన కట్టె, ఇంకో చేత నాది. "ఏంది బిడ్డా! చెప్పులు బయట పెడ్తరుగని కట్టె బయట పెడ్తరా?" అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. డాక్టరు గారు నవ్వారు. నేను కట్టె గట్టిగా పట్టుకుని, "బాగా లేనండి" అని మొదలుపెట్టాను. మోకాలు ఎంతవరకు వంగుతుందో, మెట్లు ఎలా దిగుతానో, మిషను మీద ఎంతసేపు కూర్చోగలనో, ఒక్కటి కలపకుండా, ఒక్కటి దాచకుండా అన్నీ చెప్పాను.

బయటికి రాగానే ఆ అవ్వను వెతికి పట్టుకున్నాను. "ఆ మాట నీకు లింగయ్య గారు చెప్పారా అవ్వా?"

"ఏ లింగయ్య? నాకెర్క లేదు బిడ్డా. గీడ అందరు అంటరు గద!"

బాబాయి పోయాక నేను తేలిగ్గా ఊపిరి తీసుకున్నది అప్పుడే. ఆ వరండాలో ఆయన కూర్చున్న చోట ఇంకెవరు కూర్చున్నా ఆయన కాలేరు. సోమమ్మ పిన్నికి, నాకు, మా వంటి ఎందరికో ఆ లోటు తీరేది కాదు. కానీ మాట మాత్రం తన కాళ్ల మీద తాను నడుస్తోంది. పేరే వెనకబడింది. అందుకే అవ్వ పక్కన కూర్చుని చెప్పాను, ఆ మాట చింతల లింగయ్య గారిదని. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.