పార్వతి ఒళ్లు సడలిన మధ్యాహ్నం

బళ్లారిలో ఒక ట్రస్టు ఆసుపత్రి పిల్లల వార్డు బాధ్యత 1987 జూన్‌లో నాకు అప్పగించారు. నా పైన సూపరింటెండెంట్ ఒక్కరే. ఆయన ధారవాడ వైపు నుంచి వచ్చిన సర్జన్. కోసి తీయగలిగిన జబ్బుల మీద ఆయనకు గౌరవం ఎక్కువ. నాకంటే ముందున్న వైద్యుడు కిటికీ పక్క మంచం చూపించి, ఈ పిల్లకు చేయడానికి ఏమీ లేదని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల పేరు పార్వతి. ఏడేళ్లు. సిరిగేరి వరి పొలాల్లో కూలికి పోయే హులుగప్ప, సుంకమ్మల కూతురు. అంతకుముందు ఏడాది క్షయ మెదడు పొరలకు పాకింది. మందులతో క్షయ తగ్గింది, మెదడు మాత్రం చాలావరకు పాడయింది. మాట లేదు, చూపు నిలవదు, గంజి అయినా పాలయినా ముక్కు గొట్టంలోంచే. ఈ సంగతి తల్లిదండ్రులు అప్పటికే దిగమింగుకున్నారు. వాళ్లు తట్టుకోలేనిది వేరే ఉంది. ఉన్నట్టుండి పిల్ల ముఖం ఎర్రబడేది. ఒళ్లంతా చెమట కారేది, గుండె పరుగెత్తేది, జ్వరం ఎక్కేది, చేతులూ కాళ్లూ బిగుసుకుని వీపు విల్లులా వంగేది. పళ్లు కొరికే చప్పుడు వరండాలోకి వినిపించేది. రోజుకు ఎన్నోసార్లు ఇదే తంతు.

వార్డులో దీనికి మూడు పేర్లు ఉండేవి. నర్సులు ఫిట్స్ అనేవారు. హౌస్ సర్జన్లు చీము జ్వరం అనేవారు. పిల్ల అవ్వ గాలి సోకిందనేది. మూడు పేర్లకూ మూడు వైద్యాలు జరుగుతున్నాయి. జబ్బు మూడింటినీ లెక్కచేయలేదు.

మనం అడగకుండానే గుండె వేగాన్ని, చెమటను, ఒంటి వేడిని నడిపే నాడులు కొన్ని ఉంటాయి. వాటి పగ్గం మెదడు చేతిలో ఉంటుంది. దెబ్బతిన్న మెదడు ఆ పగ్గం వదిలేస్తే, చిన్న ఇబ్బందికి కూడా ఆ నాడులు చిరుతపులి ఎదురైనట్టు ప్రవర్తిస్తాయి. రక్తంలో క్రిములు దొరకలేదు; ఫిట్స్ మందు ఎంత పెంచినా పిల్ల మత్తులోనే బిగుసుకుంటోంది. ఇది నాడుల తుఫానేనని నేను నిర్ణయించుకున్నాను.

ఇలాంటప్పుడు మందుకంటే ముందు ఇబ్బంది ఎక్కడుందో వెతకాలి. మూత్రం నిలిచిందా, మలం గట్టిపడిందా, చెవిలో చీముందా, గొట్టం ఒరుసుకుంటోందా అని చూశాం. పేగు నిండా మలం గడ్డకట్టి ఉంది. ఎనిమా ఇచ్చాక తుఫానులు కొంత తగ్గాయి. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ మొదలుపెడితే నాడి దిగింది, చెమట తగ్గింది. బిగుసుకోవడం తగ్గలేదు. ముఖంలో బాధ అలాగే ఉంది.

ఒక ఉదయం రౌండ్స్‌కు వెళ్లేసరికి హులుగప్ప మూట కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మెదడు బాగయ్యేది లేదని మీరే అంటిరి గదమ్మా. ఇంక ఈడ మాకేంది పని? ఊర్లో నాట్లు పడతాండాయి," అన్నాడు.

అతని వాదనలో తప్పు కనిపించలేదు. అయితే ఆ స్థితిలో ఇంటికి పంపితే ఆ పిల్ల మిగిలిన బతుకంతా అలా వంగుతూనే ఉంటుంది.

"ఈ ఒక్క దినం ఉండప్పా. రేపు నువ్వు ఎట్లంటే అట్లే," అన్నాను.

ఇక నాకు మిగిలిన దారి మార్ఫిన్, నొప్పినీ నాడుల ఉద్రేకాన్నీ అణచే మందు. అది ఆపరేషన్ థియేటర్ బీరువాలో ఉంటుంది. తాళంచెవి సూపరింటెండెంట్ దగ్గర. పిల్లలకు ఇస్తే ఊపిరి ఆగుతుందని అప్పట్లో అందరికీ భయం. మోతాదు మించితే ఆ భయం నిజమే కూడా. ఊపిరి ఆగితే జవాబు ఎవరు చెబుతారని ఆయన అడిగారు. నేనే చెబుతాను, మంచం పక్కనే కూర్చుంటాను, ఆక్సిజన్, గాలి కొట్టే సంచి సిద్ధంగా ఉంచుతాను అన్నాను. ఆయన కాసేపు నన్ను, కాసేపు తాళంచెవిని చూసి, చివరికి ఇచ్చారు.

మధ్యాహ్నం తుఫాను మొదలవగానే చాలా చిన్న మోతాదు చర్మం కిందికి ఎక్కించి, పిల్ల ఛాతీ మీద చేయి వేసి కూర్చున్నాను. కొంతసేపటికి సూపరింటెండెంట్ వచ్చారు. సీలింగ్ ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూడటానికి వచ్చానన్నారు. ఫ్యాన్ సరిగ్గానే తిరుగుతోంది. అయినా ఆయన కదల్లేదు.

ఊపిరి నెమ్మదించింది, ఆగలేదు. ముందు దవడ వదులైంది. తర్వాత పిడికిళ్లు విచ్చుకున్నాయి. వీపు పరుపును తాకింది.

అప్పుడే గుడ్డలు ఉతుక్కుని సుంకమ్మ వచ్చింది. మంచం అంచు మీంచి వేలాడుతున్న కూతురి చేయి చూసి బకెట్ వదిలేసింది.

"అయ్యో, పాయనే నా బిడ్డ! మెత్తగైపాయనే!"

వార్డంతా లేచి నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పిల్ల ఛాతీ మీద పెట్టాను. ఆమె చాలాసేపు నమ్మలేదు.

"కొట్టుకుంటాండాది," అంది చివరికి. "పండుకోనుండాదామ్మా ఇది? ఇట్ల పండుకునేదే నేను మరిసిపోతిని."

సూపరింటెండెంట్ ఫ్యాన్ వైపు మరోసారి చూసి, తర్వాతి మోతాదుకు ఆర్డరు రాయండి, సంతకం పెడతానని కన్నడంలో చెప్పి వెళ్లిపోయారు.

మరునాడు హులుగప్ప మూట విప్పాడు. కొన్నాళ్ల తర్వాత మార్ఫిన్ మెల్లగా తగ్గించి ఆపేశాం. తుఫానులు మళ్లీ వచ్చాయి, కాని అరుదుగా, తక్కువ బలంతో. ఒంటి కింద తడిగుడ్డ, మూత్రం, మలం, గొట్టం, అన్నీ చూశాకే బిగువు సడలించే డయజిపామ్ మాత్ర నూరి గొట్టంలో వేయాలన్న వరుస సుంకమ్మకు నేర్పి ఇంటికి పంపాం. పార్వతి మెదడు బాగుపడలేదు. ఏడాది తర్వాత, వానాకాలంలో, న్యుమోనియాతో ఇంట్లోనే పోయింది. హులుగప్ప వచ్చి చెప్పి, మిగిలిన మాత్రలు తిరిగి ఇచ్చి వెళ్లాడు.

జబ్బుకు చేయడానికి ఏమీ లేదనడం, రోగికి చేయడానికి ఏమీ లేదనడం వేరువేరు మాటలు. మొదటిది కొన్నిసార్లు నిజం. రెండోది నా ఉద్యోగకాలంలో ఎప్పుడూ నిజం కాలేదు.