ముందు ఆయన పక్షం

మా మనవరాలు ఒక విదేశీ చిప్పుల కంపెనీకి బెంగళూరులో ఉన్న పరిశోధన కార్యాలయంలో ఉద్యోగి. నెలలో కొన్ని దినాలు ఇండూరులోని మా ఇంటి నుండే పని చేస్తుంది. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన నాకు ఆ విద్యలో ప్రవేశం లేదు. అయినా ఒక మధ్యాహ్నం ఆమె అన్నం కెలుకుతూ కూర్చున్న తీరు చూచి, మనసులో ఏదో ముడి పడిందని గ్రహించాను.

"ఏమే, సాంబారులో ఉప్పు జాస్తా?" అని నా భార్య అడిగింది.

"అది కాదవ్వా. మోటరు స్టార్టర్లకని మేము చేసే చిప్పులో తప్పుంది. కరెంటు పోతే ఒకే తూరి పోతుంది, వస్తే ఒకే తూరి వస్తుందని అనుకొని చేసినారు. పోతా వస్తా ఉంటే అది నిద్ర లేవనే లేవదు."

"మీ దొరని ఒక వారం మన తోటలో నీళ్ళు కట్టమను. కరెంటు గుణం తెలిసొస్తుంది."

మనవరాలు నవ్వలేదు. ఆ చిప్పు నమూనాను రచించినవాడు విదేశంలోని ప్రధాన కార్యాలయపు పెద్ద. మరునాడే అది కర్మాగారానికి పోవలసి ఉంది. పోయిన పిదప దిద్దడమంటే మళ్ళీ మొదటి నుండి చేయడమే. ఆ దినం జరిగే సమావేశమే చివరిది.

"అంత పెద్దాయన్ని అందరి ముందర తప్పని ఎట్ల చెప్పేది తాతా? నేను చేరి రెండేండ్లు గూడా కాలే."

మా గురువుగారి శాస్త్రపాఠాలు నాకు స్ఫురించాయి. ఒకరిని ఖండించదలచినవాడు ముందుగా వారి వాదాన్నే, వారు తలయూచేటంత చక్కగా నిలబెట్టాలి. దానికి పూర్వపక్షమని పేరు. అది కుదిరితేనే తన మాట చెప్పే అర్హత.

"తప్పనే మాట ఎత్తవద్దు. ఆయన అట్లా ఎందుకు చేసినాడో ముందు నువ్వే చెప్పు. ఆయనకన్నా బాగా చెప్పు. ఆపైన నీ సందేహం పెట్టు."

"ఆయన పక్షం నేను చెప్పాల్నా!" అని ఆశ్చర్యపోయింది. అయినా కంచం ముందే కూర్చుని, చేయి ఎండిపోయేదాకా నాకు ఒప్పజెప్పింది.

ఆమె గదిలో కంప్యూటరు మీద సమావేశం మొదలైనప్పుడు నేను వసారాలో ఉన్నాను. ఆంగ్లం తెలుసు గాని ఆ శాస్త్రం తెలియదు. ఆమె కంఠాన్నే ఆలకించాను. మొదట వణికింది, తరువాత కుదుటపడింది. పిదప కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. నా భార్య కరివేపాకు దూయడం ఆపింది.

తలుపు తెరుచుకుంది.

"'నా మాట నాకంటే బాగా చెప్పినావు, ఇంక నీ మాట చెప్పు' అన్నారు తాతా! నా సందేహం విని రేపు పంపేది నిలిపినారు. మన మోటరు కాడ కరెంటు ఎట్ల వచ్చి పోతుందో కొలిచి పంపమన్నారు."

"నేను ముందే చెప్పలే?" అంది నా భార్య.

ఆ వారమే మనవరాలు బెంగళూరు నుండి కొలత పరికరం తెచ్చి, మా పంపుసెట్టు గదిలో తగిలించింది. కరెంటు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. తిట్టకుండా, ఇంకొకసారి పోతే బాగుండునని మేము ముగ్గురం ఎదురుచూచింది ఆ ఒక్క దినమే.