ఈతకొలను గేటు గడియ

ఈ మాట నా కడుపులో ఏళ్ళ తరబడి ఉంది. తిన్నదంతా అరిగింది గానీ ఇది అరగలేదు. మా ఆయనకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. కొండకు వెళ్ళినప్పుడల్లా ఈసారి స్వామి ముందైనా అనేయాలనుకుంటాను, తీరా అక్కడ నిలబడనిచ్చే ఆ కాస్తసేపట్లో పిల్ల చదువు గురించి మొక్కుకుని వచ్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తిరుపతిలో మా అపార్టుమెంటుకు ఒక ఈతకొలను ఉంది. మా ఆయన అప్పట్లో సంఘం కార్యదర్శి. నా చేతిరాత బాగుంటుందని గేటు పక్కన బోర్డు మీద నియమాలు నాతోనే రాయించారు. గేటు తెరిచి వదలరాదు. పెద్దలు తోడు లేనిదే పిల్లలు దిగరాదు. ఇంకా ఏవేవో. మోకాలిలోతు నీళ్ళకే గుండె దడ పుట్టే నేను నీళ్ళ గురించి నియమాలు రాశాను. నవ్వుకోండి, పరవాలేదు.

ఒక వేసవికి ముందు మూడో అంతస్తులోకి మునిలక్ష్మి వచ్చింది. అసలు పేరు అది కాదు. పలమనేరు పక్కన పల్లెటూరి పిల్ల. చిన్నప్పుడు వాళ్ళ నాయన నడుముకు ఎండు సొరకాయ కట్టి బావిలోకి తోసి ఈత నేర్పాడట. ఊరి నుంచి సొరకాయలు తెప్పించి, సెలవుల్లో మా పిల్లలందరికీ అలాగే నేర్పడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే నా కూతురు నీళ్ళలో చేపపిల్ల అయిపోయింది. ఇంట్లో పొద్దస్తమానం 'లక్ష్మత్త' జపమే. లక్ష్మత్త ఇలా అంది, లక్ష్మత్త అలా నవ్వింది. కని ఎనిమిదేళ్ళు పెంచినదాన్ని, నా పేరు ఎవరెత్తుతారు?

నాకు కళ్ళు కుట్టాయి. ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మొదటి అంతస్తు బాల్కనీలో నిలబడేదాన్ని. పిల్లకు ఏమవుతుందోనన్న భయం అనుకునేదాన్ని. భయమేనా? కాదు. ఆమె నా కూతుర్ని ఎత్తి నీళ్ళలో తిప్పుతుంటే చూసి చూసి కుమిలిపోవడానికి నిలబడేదాన్ని. ఒకరోజు బోర్డు మీద కొత్త నియమం కూడా చేర్చాను. బయటి వస్తువులు నీళ్ళలోకి తేరాదు. అది ఆ సొరకాయల కోసమే. మునిలక్ష్మి చదువుకుని, "సరేలేక్కా" అని నవ్వి, సొరకాయలు ఇంట్లో పెట్టేసింది. పిల్లలకు అప్పటికే ఈత వచ్చేసింది.

ఇక ఆ రోజు.

మా మిద్దె మీద వడియాలు పెడితే కోతులు బతకనివ్వవు. కొలనుకు మాత్రం చుట్టూ, పైనా వల కట్టించారు. కోతి రాని చోటు, ఎండ మండే చోటు అదొక్కటే. అక్కడ వడియాలు పెట్టకూడదని మా ఆయనే ఒకావిడను మందలించాడు. కాబట్టి ఎవరూ చూడకుండా పెట్టాలనుకున్నాను. బాల్కనీలో కాచుకుని ఉన్నాను. ఈత ముగిసింది. పిల్లలు లిఫ్టు వైపు పరుగెత్తారు. మునిలక్ష్మి చివరన బయటికి వచ్చి, గేటు వేసి, గడియ పెట్టి, పట్టుకుని రెండుసార్లు లాగి చూసింది. తలెత్తి నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఆమె వెళ్ళగానే తడిపిన పంచె తీసుకుని దిగాను. గడియ తీశాను. మళ్ళీ పిండిగిన్నెతో వస్తాను కదా, రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా అని, పక్కనున్న పూలకుండీని కాలితో జరిపి గేటు మూసుకోకుండా అడ్డం పెట్టాను. లోపల పంచె పరిచాను. పిండి కోసం పైకి వెళ్ళాను.

పైన నా కూతురు తల తుడుచుకుంటూ, "అమ్మా, నువ్వు గూడా లక్ష్మత్త మాదిరి ఈదితే ఎంత బాగుంటాదో" అంది.

అంతే. ఆ పసిదాని మీద విరుచుకుపడ్డాను. ఏమేం తిట్టానో గుర్తులేదు. ఎంతసేపు తిట్టానో అదీ గుర్తులేదు. పిండి చల్లారిపోయింది. అప్పుడు కింద కేక వినబడింది.

కింది ఇంట్లో మూడేళ్ళ పిల్లవాడు ఉండేవాడు. వాళ్ళ అవ్వ పూజలో ఉంటే బయటికి వచ్చి, తెరిచిన గేటులోంచి వెళ్ళి నీళ్ళలో పడ్డాడు. మరిచిపోయిన తువ్వాళ్ళ కోసం మునిలక్ష్మి తిరిగి రాకపోయి ఉంటే ఇది రాయడానికి నేను మిగిలేదాన్ని కాదేమో. కట్టుకున్న చీరతోనే దూకి తీసింది. నేను వెళ్ళేసరికి వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఎవరో నా పంచెనే లాగి వాడికి చుట్టారు. ఆ పంచె అక్కడికెలా వచ్చిందని ఎవరూ అడగలేదు. జనం వాడి చుట్టూ ఉండగా పూలకుండీని కాలితో దాని చోటికి నెట్టేశాను.

అయినా చెప్పేసేదాన్నేమో. నోటి దాకా వచ్చింది. అప్పుడే నా కూతురు నా పక్కనుంచే పరుగెత్తుకెళ్ళి, తడిచీరలో వణుకుతున్న మునిలక్ష్మిని వాటేసుకుంది. జనం ఆమె చేతులు పట్టుకుని దండాలు పెడుతున్నారు. పిల్లవాడు బతికాడన్న సంతోషం కంటే ముందు నాకు కడుపు మండింది. ఆ క్షణంలో కూడా! నేనేం మనిషిని?

సాయంత్రం సంఘం సమావేశం. గేటు ఎవరు తెరిచి పెట్టారు? పొద్దున చివరగా బయటికి వచ్చింది మునిలక్ష్మే కదా అన్నారు. ఆమె లేచి నా వైపు తిరిగింది.

"అక్కా, నేను గడియ ఏసినాను గదా? నువ్వు బాల్కనీలోనే ఉండావు గదా, సూసినావు గదా?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు.

"నేను సూడ్లేదు మా. తువ్వాళ్ళు గూడా మరిసిపోయినావు గదా" అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది. "అట్లయితే నేనే మరిసిపోయింటా" అని కూర్చుంది. పిల్లవాణ్ని కాపాడినందుకు మెచ్చుకుని, ఇకమీదట ఈత నేర్పవద్దన్నారు. మరుసటి ఏడు వాళ్ళు చిత్తూరు వెళ్ళిపోయారు. నా కూతురు మళ్ళీ ఆ నీళ్ళలో దిగలేదు. నేను కోరుకున్నది అదే కదా? పిల్ల ఇంట్లోనే ఉంది. నాతో మాట్లాడటమే తగ్గించింది.

మొన్న చిత్తూరులో ఒక పెళ్ళిలో మునిలక్ష్మి కనిపించింది. బలవంతం చేసి ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చింది. మళ్ళీ మంటపానికి బయలుదేరేటప్పుడు తాళం వేసి లాగింది. మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కి లాగింది. వీధి చివరి దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"ఏమనుకోవద్దక్కా. ఒకసారి గేటు మరిసిన దాన్ని గదా, నా చేతుల మింద నాకే నమ్మకం లేదు. మా పిల్లోనికి గూడా ఈత నేర్పలేదు" అని నవ్వింది.

నేను చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఆమె క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించినా నాకది చెల్లదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది, అంతే. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు గనక మీకు చెబుతున్నాను.

వేసినావు మునిలక్ష్మీ. గడియ వేసి, రెండుసార్లు లాగి కూడా చూసినావు. నేను చూసినాను.