మామ బొటనవేలి కింద నిలబడిన బొమ్మ

మామ పోయాడని ప్రొద్దుటూరు బజారులో నేను చెబితే ఎవరూ నమ్మలేదు. "పోప్పా, పొద్దున్నే మొదలుపెట్టినావా?" అని టీ అంగడాయన నవ్వాడు. వేళాకోళానికి బతికున్నవాళ్ళను చంపి, పోయినవాళ్ళను కమలాపురం బస్సులోంచి దింపిన నోరు నాది. నా మొహం చూశాక ఆయన గ్లాసు కింద పెట్టాడు.

మామ అంటే నా మేనమామ కాదు. మా టూరింగ్ టాకీసులో సినిమా మిషను నడిపిన సాయిబు. నేను "మామా" అన్నాను, ఆయన "అల్లుడా" అన్నాడు. మధ్యలో పిల్ల లేకుండానే చుట్టరికం కుదిరిపోయింది. చిన్నప్పుడే బడికి దండం పెట్టిన నాకు డేరా గుమ్మంలో టికెట్లు చించే పని. ఆట మధ్యలో బొమ్మ ఆగినప్పుడల్లా తెర ముందుకు ఉరికి, మిషను బాగయ్యేదాకా జనాన్ని నవ్వించడం ఇంకో పని. నిజం చెప్పాలంటే ఆ రెండో పనే ఎక్కువ.

ఆ మిషను ఎవరో వాడి వాడి వదిలేసింది. పళ్ళు అరిగి ఫిల్ము చింపేది. బెల్టు జారేది. నూనె ఖరీదని మా యజమాని ఒకసారి చెనిక్కాయల నూనె పోయించాడు. అది వేడికి పాకం పట్టి చక్రాలన్నీ బిగుసుకుపోయాయి. డేరా అంతా కమ్మటి వాసన. "లోపల వడలు వేగతాండాయి, ఇంటర్వెల్లో తలా రెండు!" అని అరిచాను. జనం పడీ పడీ నవ్వారు. మామ మాత్రం ఒక్కో చక్రమూ ఊడదీసి కిరసనాయిలులో కడుగుతూ, "నీకు నోరుండాది. దీనికి లేదు గదరా" అన్నాడు. స్క్రూడ్రైవరు కొన మిషనుకు తాకించి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు. అప్పుడు పక్కన దగ్గినా తిట్టేవాడు.

ఫిల్మును ఒక్కో బొమ్మే లాగి, దీపం ముందు ఆపే చిన్న చక్రం ఒకటుంటుంది. మామ దాన్ని క్రాసు అనేవాడు. "బొమ్మ నిలబడితేనే అల్లుడా, కదిలినట్టు కనపడేది" అని నాకు చెప్పింది ఆయనే. జమ్మలమడుగులో ఆ క్రాసు అరిగిపోయింది. తెర మీద మనుషులు జొరమొచ్చినట్టు వణికారు.

మద్రాసు నుంచి కొత్తది తెప్పించే ఖర్చు విని యజమాని చేతులెత్తేశాడు. "ఆ దుడ్లకు ఇంకొంచెం కలిపితే వేరే మిషనే వస్తాది. పులివెందులలో మొదటాట వణక్కుండా నడిపిస్తే దీన్నే పెట్టుకుంటా. లేదంటే పాత ఇనుముకే."

మామకు వేరే పని రాదు. ఊళ్ళలో కట్టిన హాళ్ళు లేస్తున్నాయి, వాటికి కుర్రవాళ్ళే కావాలి. అరిగిన క్రాసు జేబులో వేసుకుని ప్రొద్దుటూరులో నగలు చేసే ఆచారి దగ్గరికి పోయాడు. వెంట నేను.

"ముక్కుపుడకలు చేసే చెయ్యి నాది. దీన్ని చేయించి ఎవురికి పెడతావప్పా?" అన్నాడు ఆచారి.

"నా పెద్దపెండ్లానికి" అన్నాడు మామ.

ఆచారి నవ్వి, ఇత్తడితో చేసి పెట్టాడు. నగలాగే మెరిసింది.

పులివెందులలో ఆట బాగా నడిచింది. ఆఖరి రీలుకు ఇత్తడి అరగడం మొదలైంది, బొమ్మ వణికింది. తెర ముందుకు ఉరకబోయాను. ఇంతలో వణుకు ఆగింది. మిషను గదిలోకి తొంగి చూశాను. ఫిల్మును అదిమి పట్టే చిన్న రేకు తలుపును మామ బొటనవేలితో నొక్కి పట్టి ఉన్నాడు. దీపం వేడికి ఆ రేకు కాలిన పెనంలా ఉంటుంది.

"మామా, కాలతాంది!"

"బొమ్మను చూడు. నన్ను కాదు."

ఆ చర్మం కాలే వాసనకు నాకు వేళాకోళం తోచలేదు.

ఆట అయ్యాక జనం ఈలలు వేస్తూ పోయారు. యజమాని చెడ్డవాడేం కాదు. మామ చెయ్యి పట్టుకుని చూసి, "రేపేం పెడతావప్పా?" అన్నాడు.

"ఇంకో ఏలు."

యజమాని తల అడ్డంగా ఆడించాడు. మర్నాడే మిషను బండెక్కి పాత ఇనుముకు పోయింది.

ఆ తర్వాత మామ ప్రొద్దుటూరులో స్టవ్వులు బాగుచేస్తూ బతికాడు. ఆ వేలికి స్పర్శ పోయింది. "ఏంది మామా, పెద్దపెండ్లాం కలలోకొచ్చిందా?" అని పోయినప్పుడల్లా ఏడిపించేవాణ్ణి. మొదట్లో నవ్వేవాడు. పోయిన నెల మాత్రం, "దాని గొంతు వినపడతాంది అల్లుడా. ఎవుడో నూనె పోయడం మర్చినాడు" అన్నాడు. నవ్వలేదు. పాత ఇనుమును ఎప్పుడో కరిగించేసి ఉంటారని నేనూ చెప్పలేదు.

నిన్న ఆయన ఇంటికి పోయేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. చుట్టుపక్కలవాళ్ళు వరసలుగా నేల మీద కూర్చుని ఆ గుడ్డవైపే చూస్తున్నారు. ఎవరూ అరవలేదు, ఈల వెయ్యలేదు.

అత్త గడప మీద నుంచి నన్ను చూసింది. "నువ్వన్నా ఏందో ఒకటి మాట్లాడు అల్లుడా" అంది.

వరసలు దాటి ముందుకు పోయాను. జనం తలలెత్తి నా వైపు చూశారు. తెల్లగుడ్డ పక్కన అట్లాగే నిలబడిపోయాను.